ఎర్రదీపం వెలగని బస్సు

నవంబరు 3, సోమవారం

ఇవాళ షెడ్డులో ఒక్క ఎర్రదీపం కూడా వెలగలేదు. బస్సులన్నీ వేళకు బయటికి వెళ్ళాయి. మేనేజరు నా బల్ల దగ్గరికొచ్చి అందరూ వినేలా, "షెడ్డు పరువు నిలబెట్టావమ్మా" అన్నాడు. ఆయన నోట మంచిమాట రావడం నేను చేరాక ఇదే మొదలు. ట్రిప్పులు, ట్రిప్పులు అని తప్ప ఇంకో మాట తెలియని మనిషి కాబట్టి అందరూ ఆయన్ని ట్రిప్పు సార్ అంటారు, ఆయన లేనప్పుడు.

మొన్నటిదాకా పొద్దున్నే రణగొణ. రాత్రంతా చల్లబడిన హెడ్‌లైటు బల్బు వెలిగించగానే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. దాన్ని వెలిగించే పవర్ ట్రాన్సిస్టరు ఇదేదో షార్టు అనుకుని తనను తాను ఆపేసుకుంటుంది, వెంటనే మళ్ళీ మొదలవుతుంది. ఆ కాస్తలోనే డ్రైవరు ముందు ఎర్రదీపం వెలుగుతుంది. ఎర్రదీపం వెలిగితే బండి కదపకూడదని రూలు. డ్రైవర్లు దిగిపోయి టీ తాగేవాళ్ళు, సార్ నెత్తీ నోరూ కొట్టుకునేవాడు. "ఏదో ఒకటి చెయ్యమ్మా, ఈ గోల తగ్గించు" అన్నాడు.

బస్సుల కరెంటు పని చూసేది నేనే. నేను చేసింది చిన్న మార్పే. ట్రాన్సిస్టరు రెండు సెకన్లలోపు కోలుకుంటే ఆ కబురు డ్రైవరు దాకా పంపొద్దని, నమోదు కూడా చేయొద్దని అన్ని బస్సుల్లోనూ లైట్లను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులకు చెప్పాను. అంతే, గోల పోయింది.

అక్క నా వీపు చరిచి, "మా చిట్టి బుర్ర బుర్రే" అంది. అక్క సొరంగం దారి బస్సు తోలుతుంది. ఈ షెడ్డులో డ్రైవరు సీట్లో కూర్చునే ఆడమనిషి అక్క ఒక్కతే. ఆ అక్క అందరి ముందూ పొగిడితే మేనేజరు పొగడ్త ఏ మూలకి!

నవంబరు 5

పొగమంచు. ఎర్రదీపాలు లేవు.

నవంబరు 8, శనివారం

అమ్మకు ఇన్నేళ్ళకు నా పనేమిటో తెలుసుకోవాలనిపించింది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, బట్టలు మడతపెడుతూ అడిగింది. కళ్ళు పోయి పదేళ్ళయినా అమ్మ మడతల్లో వంక పెట్టలేం.

"ఆ ట్రాన్సిస్టరంటే ఏంటే?"

"స్విచ్చు లాంటిదమ్మా, కానీ తెలివైంది. మరీ వేడెక్కితే తనే ఆగిపోతుంది. చల్లారాక తనే మొదలవుతుంది. ఏం జరిగినా అది మాత్రం కాలిపోదు."

"మరి దీపమో?"

"అది ఆగినంతసేపూ దీపం ఆరిపోతుంది."

"తన ఒళ్ళు తను చూసుకునే రకమన్నమాట. అచ్చం మీ బాబాయే."

నవ్వొచ్చింది. ఆగిన సంగతి డ్రైవరుకెలా తెలుస్తుందని అడిగితే కబుర్లు మోసే చిప్పు గురించి చెప్పాను. దాని నుంచి మెలిపెట్టిన రెండు వైర్లు బస్సు పొడవునా వెళ్తాయి. ఒక వైరు పైకి అంటే రెండోది కిందికి అంటుంది. ఇంజను గోల, మోటార్ల గోల రెండింటి మీదా ఒకేలా పడుతుంది. అవతలి చిప్పు వాటి మధ్య తేడా మాత్రమే చూస్తుంది కాబట్టి గోల పక్కకు పోయి కబురు మిగులుతుంది. ఒక్కో ముక్కా వరసలో, ఒకదాని వెనక ఒకటి.

"ఒకతి అవునంటే ఇంకొకతి కాదంటుంది. మీ అక్కాచెల్లెళ్ళను చూసి కనిపెట్టుంటారు" అంది అమ్మ. తర్వాత, "ఏ కబురూ రాకపోతే?" అంది.

"అంతా బాగున్నట్టేగా."

"కబురు లేకపోతే నాకు భయమేస్తుంది. మీ యంత్రాలు నయం" అంది.

అక్క ఇదంతా వింటూ పక్కనే ఉంది. మామూలుగా అయితే ఈపాటికి నన్ను ఏదో ఒకటి అనాల్సింది. పళ్ళెంలో సగం అన్నం వదిలేసి లేచింది.

నవంబరు 12, బుధవారం

అక్క చెప్పింది. మేడ మీద బట్టలు తీస్తుంటే వచ్చి, తలుపు దగ్గరికి వేసి చెప్పింది.

"సొరంగంలో నాకు కళ్ళు పోయాయే."

నేను నవ్వబోయి ఆగాను.

పొద్దున్నే షెడ్డు నుంచి బస్సు ఖాళీగా సొరంగం దాటి అవతలి స్టాండుకు వెళ్తుంది. కండక్టరూ, జనమూ అక్కడే ఎక్కుతారు. ఆ సొరంగానికి రెండు మూతుల దగ్గరే దీపాలు. మధ్యలో వంపు, అక్కడ చిమ్మచీకటి. అక్కడికి రాగానే అక్కకు ఉన్నట్టుండి అంతా నల్లగా అయిపోయింది. "ఒకటి, రెండు అనేలోపు మళ్ళీ వచ్చేసింది. పోయిన వారం ఒకసారి, నిన్నొకసారి" అంది.

"లైట్లు పోయుంటాయి."

"లైట్లు పోతే ఎర్రదీపం రావాలి కదా. రాలేదు. నువ్వు పెట్టిందేగా?"

"మరి ముందున్న మీటర్లు కనిపించాయా? స్పీడు ముల్లూ, డాష్‌బోర్డూ?"

"ఏమీ కనిపించలేదు, చిట్టీ. అందుకే కళ్ళంటున్నా. లైట్లే అయితే మీటర్లన్నా కనిపించాలి కదా."

నిజమే. హెడ్‌లైట్లు ఆరితే రోడ్డు పోతుంది, మీటర్లు పోవు. అది విని నాకు మనసు తేలికపడింది. అక్క కళ్ళు పోతున్నాయంటుంటే తేలికపడటమేమిటి? రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

అమ్మకు కళ్ళు పోవడం మొదలైంది అక్క వయసులోనే. అక్క మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు. అక్క ఏళ్ళ తరబడి కండక్టరుగా నిలబడి, అందరి ఎకసెక్కాలూ భరించి, ఆ సీటు తెచ్చుకుంది. సీటు మీద తను కుట్టుకున్న నీలం దిండు ఉంటుంది. ఆ సీటు పోతే అక్క బతకదని కాదు, బతుకుతుంది. కానీ నాకు తెలిసిన అక్క మిగలదు.

"అమ్మకు చెప్పకు. షెడ్డులో అసలే చెప్పకు" అంది.

నవంబరు 13

అక్క బస్సు బోర్డు ఊడదీసి నా బల్ల మీద పెట్టి చూశాను. నిజం బల్బులే తగిలించాను. వేడిగాలి పట్టాను. కావాలని షార్టు చేశాను. ట్రాన్సిస్టరు బుద్ధిమంతుడిలా ఆగింది, బుద్ధిమంతుడిలా మొదలైంది. మచ్చ లేదు, వాసన లేదు. లోపాలు నమోదయ్యే చోట ఏమీ లేదు.

ఏమీ ఉండదు. రెండు సెకన్లలోపువి నమోదు చేయొద్దని చెప్పింది నేనేగా.

అయినా బోర్డు బాగుంది.

నవంబరు 14

బోర్డు బాగుంది. అక్కకు అదే చెప్పాను. "అయితే కళ్ళే" అంది.

నవంబరు 17, సోమవారం

అక్క బస్సు ఎడమ అద్దం విరిగి వచ్చింది. షెడ్డులో స్తంభానికి తగిలిందని రాయించింది. నాతో మాత్రం నిజం చెప్పింది. వంపు దగ్గర మళ్ళీ చీకటైంది. వెలుగు వచ్చేసరికి గోడ అద్దాన్ని గీక్కుంటూ పోతోంది. గోడకు వీపు ఆనించి ఒక మనిషి, సైకిలు అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడట. రోజూ అదే వేళకు పేపర్లు వేసుకుంటూ వెళ్ళే మనిషి.

"దిగి క్షమించమన్నాను. పర్లేదమ్మా అన్నాడు. సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళాడు పాపం" అంది అక్క.

నవంబరు 18



ఇవాళ వేరే బస్సులో మీటర్ల వెనక చిన్న బల్బు మాడిపోతే మార్చాల్సి వచ్చింది. కొత్తది పెట్టి, వెలుగుతుందా అని చూశాను. వెలగలేదు. హెడ్‌లైటు స్విచ్చు వేస్తే వెలిగింది. వైరు వెంట చెయ్యి పోనిచ్చి చూశాను. మీటర్ల వెలుగుకు విడిగా కరెంటు లేదు. రెండు హెడ్‌లైట్లూ, మీటర్ల వెలుగూ అన్నీ ఒకే ట్రాన్సిస్టరు మీద బతుకుతున్నాయి. మూడు పెట్టాల్సిన చోట ఒకటి పెట్టి ఎవరో పొదుపు చేశారు, నేను ఈ షెడ్డుకు రాకముందు ఎప్పుడో.

అంటే అది ఆగితే రోడ్డూ పోతుంది, మీటర్లూ పోతాయి. కళ్ళు పోయినట్టే ఉంటుంది. ఎర్రదీపం ఒక్కటే వేరే వైరు మీద ఉంది. వెలగగలిగిందల్లా అదొక్కటే. దాన్ని వెలగనివ్వనిది నేను.

నవంబరు 19

ఇవాళ చెప్పాలి.

నవంబరు 20

అక్కకు తలనొప్పి. తలనొప్పిలో ఎందుకని చెప్పలేదు.

నవంబరు 22, శనివారం

ఎవరికీ తెలియకూడదని ఊరి అవతలి చివర కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. అక్క చీరకొంగు తలమీదుగా కప్పుకుని కూర్చుంది, దొంగతనానికి వచ్చినట్టు. డాక్టరమ్మ చుక్కలు వేసింది, దీపం పెట్టి చూసింది, అక్షరాలు చదివించింది. అక్క చిట్టచివరి వరసదాకా గడగడా చదివేసింది.

"ఇప్పటికైతే బాగానే ఉన్నాయి. కానీ మీ అమ్మగారికి ఉందంటున్నారు కాబట్టి, ఏమీ లేదని నేను చెప్పలేను" అంది డాక్టరమ్మ.

అక్క ఆ చివరిమాట ఒక్కటే ఇంటికి మోసుకొచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకునే నడిచింది. నాలుగుసార్లు నోరు తెరిచాను. ఒకసారి వేరుశనగలు కొందామా అన్నాను.

కానీ ఆలోచిస్తే, నాకు మాత్రం ఖాయంగా తెలుసా? వైరు ఎక్కడ తగులుతోందో చూశానా? అక్క కళ్ళే కావచ్చు కదా. అమ్మకు రాలేదా? రుజువు లేకుండా నోరు జారితే బాగుండదు. ముందు వైరు చూసి, ఆ తర్వాత చెప్తాను. అదే పద్ధతి.

నవంబరు 23, ఆదివారం

"పెద్దదానికి కళ్ళు పోతున్నాయని భయం పట్టుకుంది కదూ?" అంది అమ్మ.

నేను గిన్నెలు కడుగుతున్నాను. చప్పుడు ఎక్కువ చేశాను.

"రోజూ పొద్దున గోడమీద వేళ్ళు పెట్టి నడుస్తోంది. అలవాటు చేసుకుంటోంది. నాకు వినపడదనుకుంటోంది, పిచ్చిది. రాత్రిళ్ళు మీ గుసగుసలూ వింటున్నా." తర్వాత, "నాకు అలా పోలేదే. ముందు అంచులు పోయాయి. పక్కనున్న మనుషులు పోయారు, ఆ తర్వాత ఎదురుగా ఉన్నవాళ్ళు మసకబారారు. ఏళ్ళు పట్టింది. దీపం ఆర్పి మళ్ళీ వెలిగించినట్టు కళ్ళు పోవు. పోయింది ఒక్క క్షణం కూడా తిరిగిరాదు" అంది.

"అక్కకు చెప్పలేదా?"

"అది నాకేమీ చెప్పందే నేనేం చెప్పను? నీకు చెప్పింది కదా. నువ్వు చెప్పు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నాకేం తెలుసమ్మా అన్నాను. అడగని ప్రశ్నకు అది జవాబు. అమ్మ మొహం నా వైపు తిప్పి చాలాసేపు ఉంచింది. అమ్మకు కళ్ళు లేవన్న సంగతి ఆ కాసేపూ నాకు గుర్తులేదు.

నవంబరు 25, మంగళవారం

దొరికింది.

భోజనాల వేళ షెడ్డు ఖాళీ. అక్క బస్సు కిందికి దూరాను. హెడ్‌లైట్ల వైరు ముందు చక్రం పైన చట్రానికి ఒక రేకు క్లిప్పుతో బిగించి ఉంది. ఆ క్లిప్పు అంచు కత్తిలా ఉంది. వైరు మీది తొడుగు అక్కడ అరిగి, లోపలి రాగి మెరుస్తోంది. ఎదురుగా చట్రం మీద నల్లటి మసి చుక్క. జనం నిండిన బస్సు బరువుకు కిందికి అణిగి ఉంటుంది, వైరు తగలదు. ఖాళీ బస్సు గుంతలో పడితే ఎగురుతుంది. సొరంగం వంపులో రోడ్డంతా గుంతలే. ఎగిరినప్పుడు రాగి చట్రానికి తగిలి, ట్రాన్సిస్టరు తన ప్రాణం కాపాడుకుంటుంది. వైరు విడివడగానే మళ్ళీ వెలిగిస్తుంది. ఖాళీ బస్సులో అక్క ఒక్కతే ఉంటుంది కాబట్టి ఆ చీకటి అక్కకొక్కదానికే కనిపించింది.

క్లిప్పు అంచు ఆకురాయితో అరగదీశాను. వైరుకు రబ్బరు గొట్టం తొడిగాను. గుడ్డతో మసి తుడిచేశాను. మసి ఎందుకు తుడిచానో తెలియదు. చెయ్యి తుడిచేసింది.

పక్క బస్సు కిందికి కూడా తొంగి చూశాను. అదే క్లిప్పు. తొడుగు సగం అరిగింది. దాని పక్కదీ అంతే. ఈ రకం బస్సులన్నిటికీ అదే క్లిప్పు.

చెప్తే అన్నీ ఆపేసి చూస్తారు. చూస్తే, ఇన్నాళ్ళూ ఎర్రదీపం ఎందుకు రాలేదని అడుగుతారు. ఎందుకా గొడవ? వీలున్నప్పుడల్లా ఒక్కోటీ నేనే సరిచేసుకుంటూ వస్తాను. ఎవరికీ నష్టం లేదు. మిగతా డ్రైవర్లెవరూ ఏమీ అనలేదు కూడా.

రేపటి నుంచి అక్కకు చీకటి పడదు. వారం పోయాక తనే, "ఏంటో తగ్గిపోయిందే" అంటుంది. ఎన్నాళ్ళకో ఇవాళ అన్నం సయించింది.

నవంబరు 26

అక్క నిన్ననే సీటు వదిలేసింది.

నేను తన బస్సు కింద ఉన్న వేళకే తను పైన ట్రిప్పు సార్ గదిలో ఉంది. "నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు సార్, బండి ఇంకొకరికి ఇవ్వండి" అని చెప్పి, తాళం బల్ల మీద పెట్టి వచ్చేసింది. ఎవరూ అడగలేదు, ఎవరూ పట్టుకోలేదు. తనంతట తనే వెళ్ళి చెప్పింది.

"ఎందుకే తొందర? డాక్టరు బాగున్నాయంది కదా. ఒక్క క్షణమే కదక్కా" అన్నాను.

"ఒక్క క్షణమే. ఆ క్షణంలో గోడ పక్కన ఎవరున్నారో నాకు కనిపించదు. ఆ సైకిలు మనిషి కళ్ళు మూసుకుని నిలబడ్డాడే, రోజూ కనిపిస్తున్నాడు. యాభైమందిని వెనకేసుకుని అనుమానంతో తోలలేను."

నీలం దిండు సంకలో పెట్టుకుని వచ్చింది. దాన్ని అమ్మ కుర్చీలో వేసింది. అమ్మ చేత్తో తడిమి, ఎవరిదో గుర్తుపట్టి, దాని ముడతలు సరిచేసింది.

అప్పుడన్నా చెప్పొచ్చు. చెప్తే, నిన్నటిదాకా ఎందుకు చెప్పలేదంటుంది. నిన్న చెప్పి ఉంటే సులువయ్యేది. మొన్నయితే ఇంకా సులువు.

నవంబరు 29, శనివారం

అక్క బస్సు హారన్ మామకు ఇచ్చారు. ముందు చీమ అడ్డొచ్చినా హారన్ కొట్టే మనిషి. సార్ అందరిముందూ ఆయన్ని అడిగాడు, "లైట్లేమన్నా ఇబ్బంది పెడుతున్నాయా?" అని.

"లేదు సార్, పెళ్ళికొడుకు మొహంలా వెలుగుతున్నాయి. ఖాళీ బండి, గుంతలు, అన్నీ చూశా. రెప్ప వాల్చలేదు."

అందరూ జాలిగా నా వైపు చూశారు. సాయంత్రానికి మాట అక్కకు చేరింది.

"చూశావా" అంది. ఏడవలేదు. "నా కళ్ళే. ఇంకా ఎక్కడో ఆశ ఉండేది, బండిదే తప్పేమోనని."

ఆ బండి బాగుచేసింది నేను. బాగుచేసి, అక్కకు కళ్ళు లేవని నేనే రుజువు చేశాను.

డిసెంబరు 1

అక్కకు సొరంగం అవతలి స్టాండులో టికెట్ల కిటికీ దగ్గర పని ఇచ్చారు. ఈ నెల నుంచి కండక్టరు, స్టాఫు అంతా పొద్దున ఖాళీ బస్సులోనే వెళ్ళాలట, వాళ్ళతో పాటు అక్క కూడా. తను తోలిన దారిలో తనే వెనక కూర్చుని వెళ్తుంది.

అక్క బస్సు తోలేటప్పుడు మా ఇంటి ముందుకు రాగానే రెండుసార్లు హారన్ కొట్టేది. ఆ వేళకు అమ్మ ఇవాళ కూడా చెవి కిటికీకి ఆనించి కూర్చుంది. బస్సు వెళ్ళిపోయింది.

డిసెంబరు 4

రెండో బస్సు క్లిప్పు చూద్దామనుకున్నాను. పని ఒత్తిడి.

డిసెంబరు 6

కుదరలేదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని చిన్నప్పుడు నన్ను చూసే అనేది అమ్మ.

డిసెంబరు 8

హారన్ మామకు సెలవు. అక్క బస్సు కడగడానికి ఆపారట. రేపు సొరంగం దారికి పక్క బస్సు పంపుతారని నోటీసు బోర్డు మీద రాశారు. పక్క బస్సంటే సగం అరిగిన తొడుగు. సగమే కదా.

భోజనాల వేళ చూద్దామని లేచాను. ట్రిప్పు సార్ అటే నిలబడి ఉన్నాడు. తిరిగొచ్చి కూర్చున్నాను.

డిసెంబరు 9, మంగళవారం

పొద్దున పది గంటలకే అక్క ఇంటికొచ్చేసింది. షెడ్డులో నాకు కబురందగానే పరుగెత్తుకొచ్చాను. అక్క అమ్మ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని ఉంది. చీర మీద రక్తం. తనది కాదు.

"సొరంగంలో చీకటైంది" అంది.

నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"నేను డ్రైవరు వెనకే కూర్చున్నాను. కండక్టరు, క్లీనరు, నేను, ఆ తోలే అబ్బాయి. చీకటవగానే నలుగురం అరిచాం. నలుగురం, చిట్టీ. నలుగురికీ ఒకేసారి కళ్ళు పోయాయా?"

అమ్మ చెయ్యి అక్క తలమీద ఉంది. ఆ చెయ్యి ఆగిపోయింది.

"ఆ సైకిలు మనిషి" అంది అక్క. "ఈసారి గోడకూ బస్సుకూ మధ్య కాలు నలిగిపోయింది. నేనే కొంగు చింపి కట్టాను. ప్రాణానికి పర్లేదన్నారు. నడవడం సంగతి చెప్పలేమన్నారు. ఎర్రదీపం వచ్చిందా అని తోలే అబ్బాయిని అడిగాను. రాలేదన్నాడు. లైట్లు ఆరినా రాలేదు."

అప్పుడు తలెత్తి నన్ను చూసింది. ఆ కళ్ళలో ఏ లోపమూ లేదు. అంత దూరం నుంచి నా మొహంలో ఉన్నదంతా చదివేశాయి.

"నీకు తెలుసా?"

తెలియదు అని ఒక్క మాట. నోటిదాకా వచ్చింది. రాలేదు. నా బల్ల మీద అయితే కబురు రాకపోవడమంటే అంతా బాగుందనే. ఇంట్లో అలా కాదు. మౌనం అర్ధాంగీకారమంటారు, అక్క సగం కాదు, మొత్తం తీసుకుంది.

"ఎప్పట్నుంచి?" అంది.

"డాక్టరు దగ్గరికి వెళ్ళకముందు నుంచి."

అక్క లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అమ్మ నన్ను పిలవలేదు. నీలం దిండు ఒళ్ళో పెట్టుకుని, దాని కుట్టు వెంట వేలు పోనిస్తూ కూర్చుంది.

డిసెంబరు 10, బుధవారం

అందరికంటే ముందు షెడ్డుకు వెళ్ళి, నేను పెట్టిన రెండు సెకన్ల రూలు అన్ని బోర్డుల నుంచీ తీసేశాను. డ్రైవర్లు వచ్చి లైట్లు వేశారు. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రదీపాలు వెలిగాయి. ఒక్క బండీ కదల్లేదు.

ట్రిప్పు సార్ అరుచుకుంటూ వచ్చాడు. అందరి ముందూ చెప్పేశాను. రూలు, క్లిప్పు, తుడిచేసిన మసి, అక్క కళ్ళు, అన్నీ. ఆయన అందరి వైపూ తిరిగాడు.

"గోల తగ్గించమన్నాను గానీ, ఇలా చెయ్యమని నేను చెప్పానా? అందరూ విన్నారుగా, నేను చెప్పలేదు" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టే మొహం నాకు లేదు. "ముందు మా అక్క కళ్ళు బాగున్నాయని రాయండి సార్, నా సంగతి తర్వాత చూడొచ్చు" అన్నాను.

అక్కను పిలిపించారు. ఉతికిన యూనిఫాం వేసుకుని, నీలం దిండు పట్టుకుని వచ్చింది. నేను బల్ల దగ్గర నిలబడి ఉన్నాను. నన్ను దాటుకుని వెళ్ళింది, స్తంభాన్ని దాటినట్టు. సార్ ఏదేదో చెప్పి, తాళాలు తగిలించిన పలక మొత్తం అక్క ముందు పెట్టాడు. "మీ ఇష్టమమ్మా, ఏ బండి కావాలంటే అది తీసుకోండి" అన్నాడు.

"తోలుతాను సార్. సీటు నాది" అంది అక్క. "మా చెల్లెలి చెయ్యి పడని బండి ఏదుందో చెప్పండి. అదే ఇవ్వండి."

సార్ తాళాల వైపు చూశాడు. ఒక్కోదాన్నీ వేలితో కదిపి, చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చాడు. ఆ తర్వాత నా వైపు చూశాడు.

అలాంటి బండి షెడ్డులో ఒక్కటీ లేదు.